థౌమాటిన్ తీపినిస్తుంది, పాకాన్ని ఇవ్వదు

మీ ప్రశ్న చదివాను అమ్మా. రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే సున్నుండలు, అరిసెలు, పాలకోవా చేసి అమ్ముతున్నానని రాశారు. మీ మామగారికి మధుమేహం. “మొక్క నుంచి తీసిన సహజ ప్రొటీన్, చక్కెరకు రెండు వేల రెట్లు తీపి, రక్తంలో చక్కెర పెరగదు” అన్న ప్రకటన చూసి, ఆ పొడి తెప్పించుకుని మిఠాయిలన్నింటిలోనూ చక్కెర, బెల్లం మానేయవచ్చా అని అడిగారు. ప్రకటన అబద్ధమా, నిజమా అని కూడా అడిగారు.

ప్రకటనలో చెప్పిన మూడు మాటలూ నిజమే. అయినా మీ మిఠాయిల్లో చక్కెర మానేయడం మాత్రం కుదరదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం పెద్ద సమాధానమే రాయాలి. మందుల సిరప్‌లకూ, చక్కెర లేని పానీయాలకూ రుచి కుదిర్చే పనిలో నేను ఇరవై ఆరేళ్ళు ఉన్నాను. అందులో చాలా కాలం ఈ పొడితో పని చేశాను. దీని మీద నాకు ప్రేమ ఉంది. అందుకే దీని చేత చేయించకూడని పని చేయించి, తర్వాత పనికిరానిదని పక్కన పడేస్తే బాధగా ఉంటుంది.

ఆ పదార్థం పేరు థౌమాటిన్. పొట్లాల మీద 957 అన్న సంఖ్యతో కనిపిస్తుంది. పడమటి ఆఫ్రికా వానాడవుల్లో చెట్ల నీడన పెరిగే కాటెంఫే అనే మొక్క నుంచి వస్తుంది. మన పాలగుండ మొక్క కుటుంబానికి చెందినదే. ఇంకాస్త దూరపు చుట్టరికం చూస్తే అల్లం, పసుపు, అరటి, మెట్టతామర కూడా దీని బంధువులే. నేలలో దుంప పాకుతూ పోతుంది. దాని నుంచి మనిషి ఎత్తు దాటే కాడలు లేస్తాయి, ఒక్కో కాడ చివర వెడల్పాటి ఆకు ఒకటి ఉంటుంది. పండ్లు మాత్రం పైన కాయవు, మట్టిని ఆనుకుని ఎర్రగా, మూడు పలకలుగా కాస్తాయి. లోపల నల్లని గింజలు, వాటిని అంటిపెట్టుకుని మెత్తటి గుజ్జు. సీమచింతకాయ వలిచినప్పుడు గింజను పట్టుకుని ఉండే తెల్లని గుజ్జు గుర్తు తెచ్చుకోండి, అటువంటిదే. తీపి అంతా ఆ కాస్త గుజ్జులోనే ఉంటుంది.

ఆ ప్రాంతం వాళ్ళకు ఈ మొక్క పండు కోసం కన్నా ఆకు కోసమే ఎక్కువ కావాలి. నైజీరియాలో మొయిన్ మొయిన్ అని ఒక వంటకం ఉంది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, కారం, ఉల్లిపాయ కలిపి, ఆ పిండిని ఆకులో పొట్లం కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆకు ఇదే. కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించే మీకు ఆకు వాసన పిండికి పట్టడం అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. పండులోని గుజ్జును వాళ్ళు పులిసిన కల్లులోనూ, పుల్లని పండ్లలోనూ, పాతబడిన రొట్టెల్లోనూ తీపి కోసం వాడుకునేవారు. ఆ సంగతిని డానియెల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1855లో ఒక ఔషధ పత్రికలో రాశాడు. అందుకే థౌమాటోకోకస్ డానియెల్లీ అన్న మొక్క శాస్త్రీయ నామంలో ఆయన పేరు ఉంది. మొదటి భాగానికి అర్థం అద్భుత ఫలం అని. పేరు ఆయనది, ఎరుక మాత్రం అక్కడి అడవి మనుషులది. ఆయన రాయడానికి ఎన్నో తరాల ముందు నుంచే వాళ్ళకు ఇది తెలుసు.

తర్వాత నూరేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1972లో నెదర్లాండ్స్‌లోని యూనిలీవర్ పరిశోధనశాలలో వాన్ డెర్ వెల్, లూవ్ అనే ఇద్దరు ఆ గుజ్జు నుంచి తీపి పదార్థాన్ని విడదీసి చూస్తే అది చక్కెర కాదు, చక్కెర లాంటిది కూడా కాదు, ప్రొటీన్ అని తేలింది. ఇది ఎంత వింతో ఒక్క క్షణం ఆలోచించండి. మనం తినే ప్రొటీన్లు, అంటే కందిపప్పు, పాల విరుగుడు, గుడ్డు తెల్లసొన, వీటిలో ఏదీ తియ్యగా ఉండదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం గ్లూకోజు, చక్కెర వంటి చిన్న అణువుల కోసం అమరినది. థౌమాటిన్ అణువు చక్కెర అణువుకు అరవై రెట్లకు పైగా బరువైనది. 207 అమైనో ఆమ్లాల గొలుసు అది. అంత పెద్దది వెళ్ళి అదే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని అంత తేలికగా వదలదు. దీని బలమూ, దీని బలహీనతా ఆ పట్టులోనే ఉన్నాయి.

ఆ మొక్క ఇంత శ్రమ ఎందుకు పడుతుందని మా దగ్గరికి వచ్చే విద్యార్థులు అడిగేవారు. నిజమైన చక్కెర తయారు చేసి పండు నింపడం మొక్కకు ఖర్చు. చిటికెడు ప్రొటీన్‌తో అంతే తీపి అనిపిస్తే, జంతువులు వచ్చి తిని గింజల్ని దూరంగా చేరవేస్తాయి. ఇదే ఆఫ్రికా అడవుల్లో బ్రాజీన్ అనే మరో తీపి ప్రొటీన్‌ను ఇచ్చే తీగ ఒకటి ఉంది. గొరిల్లాల తీపి గ్రాహకంలో వచ్చిన మార్పుల వల్ల వాటికి ఆ తీపి తెలియకపోవచ్చునని 2016లో ఒక పరిశోధన చెప్పింది. పిండిపదార్థం లేని పండుకు మోసపోకుండా ఆ జంతువు తనను కాపాడుకుందేమో అని వాళ్ళ ఊహ. ఎలుకలు కూడా థౌమాటిన్ తీపిని గుర్తించవు. మనుషులకూ, మనకు దగ్గరి కోతి జాతులకూ మాత్రం అది బాగా తెలుస్తుంది.

ఇక రెండు వేల రెట్ల సంగతి. బరువుకు బరువు చూస్తే చక్కెరకు రెండు వేల నుంచి మూడు వేల రెట్లు అని లెక్క. ఇది ఒక్కటే స్థిరమైన సంఖ్య కాదు. పలచని ద్రావణంలో పోల్చినప్పుడు రెట్లు ఎక్కువ వస్తాయి, తీపి పెంచుతూ పోయే కొద్దీ తగ్గుతాయి. నీళ్ళలో లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంటే చాలు, తీపి జాడ నాలుకకు తెలియడం మొదలవుతుంది. ఇంటి మీది వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులో ఒకే ఒక్క గ్రాము వేసి కలిపినట్టు. టీలో వేసుకునే చెంచాడు చక్కెరకు, అంటే సుమారు అయిదు గ్రాములకు, బదులుగా రెండు మిల్లీగ్రాములు చాలు. ప్రొటీనే కాబట్టి దీనికీ గ్రాముకు నాలుగు కేలరీలు ఉంటాయి, కానీ రెండు మిల్లీగ్రాములకు వచ్చేది లెక్కలోకి రానంత. కడుపులోకి వెళ్ళాక మిగతా ప్రొటీన్లలాగే జీర్ణమైపోతుంది. రక్తంలో చక్కెరను పెంచదు. ప్రకటన ఇక్కడి వరకు సరిగ్గానే చెప్పింది.

ఇప్పుడు మీ వంటింటికి వద్దాం. మొదట సున్నుండలు.

అర కిలో సున్నిపిండికి అర కిలో చక్కెర వేస్తున్నారనుకుందాం. అంత తీపికి థౌమాటిన్ లెక్క వేస్తే రెండు వందల మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది, చిటికెడు కూడా కాదు. సరే, అది వేశారు. మరి అర కిలో చక్కెర ఉన్న చోటు ఏమవుతుంది? ఉండల సంఖ్య సగానికి పడిపోతుంది. పంటి కింద చక్కెర పలుకుల కరకర ఉండదు, నెయ్యి పట్టిన పిండి అంగిలికి అంటుకుపోతుంది. పైగా రెండు వందల మిల్లీగ్రాముల పొడిని అర కిలో పిండిలో చేత్తో సమానంగా కలపడం ఎవరి వల్లా కాదు. ఒక ఉండ చప్పగా, ఇంకొక ఉండ నోరు వెగటు పుట్టేంత తియ్యగా వస్తుంది. మిఠాయిలో చక్కెర అంటే తీపి ఒక్కటే కాదమ్మా. బరువు అదే, ఒళ్ళు అదే, నీటిని పట్టి ఉంచి బూజు రాకుండా కాపాడేది అదే, రంగు తెచ్చేది అదే.

అరిసెలు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. బెల్లం పాకం ఉండపాకం రాకపోతే అరిసె నూనెలో విడిపోతుందని, ముదిరితే రాయిలా అవుతుందని నాకన్నా మీకే బాగా తెలుసు. తడి బియ్యప్పిండిని పట్టి ఉంచేది ఆ పాకమే. థౌమాటిన్ నీళ్ళలో కరుగుతుంది కానీ పాకం రాదు. ఎంతసేపు కాచినా తీగ సాగదు, ఎందుకంటే నీళ్ళలో ఉన్నది మిల్లీగ్రాముల పదార్థం. కాజాలు, జిలేబీ, బందరు లడ్డు, పాకంతో బతికే ఏ మిఠాయికైనా ఇదే మాట వర్తిస్తుంది. ఆత్రేయపురం పూతరేకుల్లో పాకం లేదు కదా అంటారేమో. అక్కడ రేకుల మధ్య చల్లేది నేతిలో తడిసిన చక్కెర పొడి లేదా బెల్లం పొడి. ఆ పొడి పొర లేకపోతే మిగిలేది నెయ్యి, రేకు మాత్రమే.

పాలకోవా విషయంలో ఇంకో చిక్కు ఉంది. దీన్ని నేను స్వయంగా చేసి చూసి నేర్చుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గుడ్డు తెల్లసొనను వేడి చేస్తే గడ్డకట్టి తెల్లబడుతుంది, మళ్ళీ చల్లార్చినా పాత స్థితికి రాదు. ప్రొటీన్ గొలుసు ఒక పద్ధతిలో మడత పడి ఉంటుంది. వేడికి ఆ మడత విడిపోతే దాని స్వభావం పోతుంది. థౌమాటిన్ తీపి కూడా ఆ మడతలోనే ఉంది. మడత విడిపోకుండా గొలుసును ఎనిమిది చోట్ల గంధకపు బంధాలు కుట్లు వేసినట్టు పట్టి ఉంచుతాయి. అందువల్ల మిగతా ప్రొటీన్ల కన్నా ఇది చాలా గట్టిది. అయితే ఆ గట్టితనం పులుపులోనే. నిమ్మరసం, చింతపండు రసం వంటి పుల్లని ద్రావణంలో ఎనభై డిగ్రీల వేడిని కూడా గంటల తరబడి తట్టుకుంటుంది. పులుపు లేని చోట, అంటే పులుపును కొలిచే పీహెచ్ అంకె ఏడు దగ్గర (అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ), డెబ్బై డిగ్రీలు దాటాక కుట్లు అటూ ఇటూ మారిపోయి అణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి, తీపి పోతుంది. పాలు దాదాపు ఆ ఏడు దగ్గరే ఉంటాయి. కోవాకు మనం పాలను గంటకు పైగా మరిగిస్తాం. నేను మొదటిసారి పాలు పొయ్యి మీద ఉండగానే కలిపాను. దింపాక రుచి చూస్తే తీపి దాదాపు లేదు. రెండోసారి కోవా దింపి, గోరువెచ్చబడ్డాక కొద్ది నీళ్ళలో కరిగించి కలిపాను. తీపి నిలిచింది, కానీ తిన్న అయిదు నిమిషాలకు కూడా నాలుక వెనుక భాగంలో ఉండిపోయింది. కోవా తిన్నట్టు లేదు, అతిమధురం వేరు నమిలినట్టుంది.

ఆ అతిమధురం మాటను ఊరికే అనలేదు. థౌమాటిన్‌తో పని చేసిన వాళ్ళందరూ చెప్పే పోలిక అదే. చక్కెర తీపి నాలుక తగలగానే వస్తుంది, మింగగానే వెళ్ళిపోతుంది. థౌమాటిన్ తీపి కొన్ని క్షణాలు ఆలస్యంగా మొదలవుతుంది, మెల్లగా పెరుగుతుంది, ఎక్కువ వేస్తే చాలాసేపు వదలదు. గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుందని పైన చెప్పానే, దాని ఫలితం ఇది. అమ్మమ్మలు గొంతు గరగరకు దవడన పెట్టించే అతిమధురం ముక్క తీపి కూడా ఇలాగే ఆగి వచ్చి ఆగి పోతుంది. ఆ వేరులోని తీపి పదార్థం ప్రొటీన్ కాదు, రసాయనికంగా దీనితో సంబంధం లేదు. నాలుక మీద నడక మాత్రం ఒకే తీరు. ఆ ఆలస్యం తెలియక, రాలేదనుకుని, ఇంకొంచెం ఇంకొంచెం వేసేవాళ్ళను చాలామందిని చూశాను. రుచి చూసిన తర్వాత పది క్షణాలు ఆగండి, రెండో చుక్కను అప్పుడే నిర్ణయించండి.

మరి ఇన్ని చిక్కులున్న దాన్ని లోకం ఎందుకు వాడుతోంది? నేను ఎందుకు ప్రేమించాను?

చేదును మింగేస్తుంది కాబట్టి. చంటిపిల్లల మందుల్లో చాలా వాటి చేదు చక్కెర తీపి వెళ్ళిపోయాక వెనక నుంచి వస్తుంది. తల్లి మింగించగానే బాగానే ఉంటుంది, రెండు క్షణాల తర్వాత బిడ్డ ఉమ్మేస్తుంది. చక్కెర ఎంత పెంచినా ఆ తోకను కప్పలేదు, అది అప్పటికే గొంతు దిగిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే థౌమాటిన్ తీపి నిండుగా ఉంటుంది. మనం తప్పు అనుకున్న ఆలస్యమే ఇక్కడ మందు. ఇనుము ఉన్న టానిక్కుల లోహపు రుచి, స్టీవియాలో చివర వచ్చే చేదు, శాకరిన్ వెగటు, అన్నింటి మీదా ఇది పని చేస్తుంది. చూయింగ్ గమ్‌లో ఎంతసేపు నమిలినా తీపి నిలవడం మంచి గుణమే కదా, అక్కడా వాడతారు. కాఫీ, పుదీనా, కోకో వాసనలను పెంచి చూపిస్తుంది.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. ఐరోపా నిబంధనల ప్రకారం చక్కెర లేని చూయింగ్ గమ్‌లో కిలోకు యాభై మిల్లీగ్రాముల దాకా వేయవచ్చు. తియ్యని పానీయాల్లో మాత్రం లీటరుకు అర మిల్లీగ్రాము, అదీ రుచి పెంచేదిగానే. తీపి తెలియడానికి కావలసినది లీటరుకు ఒక మిల్లీగ్రాము అని పైన చెప్పాను. అంటే పానీయంలో వేసేది తీపి తెలియని మోతాదు! తీపి ఇవ్వకుండానే పండు రుచిని నిండుగా, చేదును తక్కువగా అనిపించేలా చేస్తుంది. ఈ పదార్థం అసలు గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. రెండు వేల రెట్లు అన్న సంఖ్య ప్రకటనకు అందం. వంటవాడికి ఉపయోగపడేది ఈ సగం మిల్లీగ్రాము.

భద్రత గురించి మీకు సందేహం ఉండి ఉంటుంది, మామగారికి పెట్టాలనుకుంటున్నారు కాబట్టి. జపాన్ 1979లోనే దీన్ని అనుమతించింది. ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1985లో పరిశీలించి, రోజుకు ఇంత మించకూడదని పరిమితి పెట్టనవసరం లేదని తేల్చింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో మళ్ళీ తిరగదోడి చూసింది, వాడుకలో ఉన్న మోతాదులకు ఆందోళన లేదంది. మొక్కలు బూజు తెగుళ్ళను ఎదుర్కోవడానికి తయారు చేసుకునే రక్షక ప్రొటీన్లలో ఇది ఒక కుటుంబం. యాపిల్, చెర్రీ, కివీ పండ్లలోనూ దీని బంధువులు ఉన్నాయి, కొందరికి ఆ పండ్ల వల్ల వచ్చే అలర్జీకి అవే ఒక కారణం. అందుకని అటువంటి అలర్జీ ఉన్నవారు ముందు వైద్యుడిని అడగడం మంచిది. మీకైతే పొడిగా ఉన్నప్పుడు గాలికి ఎగరనివ్వకండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొలవండి. ఎండిన ప్రొటీన్ పొడి ఏదైనా రోజూ పీల్చడం మంచిది కాదు.

మామగారి విషయంలో నేను భయపడేది థౌమాటిన్ గురించి కాదు, పొట్లంలో దానితో పాటు ఉన్న దాని గురించి. రెండు మిల్లీగ్రాములను ఎవరూ చెంచాతో కొలవలేరు. అందుకని బజారులో అమ్మే పొడిలో తొంభై తొమ్మిది పాళ్ళు వేరే పదార్థమే ఉంటుంది, కొలతకు వీలుగా కలుపుతారు. అది మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే పిండి నుంచి వచ్చినది, రక్తంలో చక్కెరను గ్లూకోజుతో సమానంగా పెంచుతుంది. డెక్స్‌ట్రోజ్ అంటే అది గ్లూకోజే. ఎరిత్రిటాల్ అనే మరో తీపి పదార్థం అయితే పెంచదు. పొట్లం ముందు వైపు ఆకుపచ్చ అక్షరాల్లో ఏం రాసినా నమ్మకండి, వెనక్కి తిప్పి పదార్థాల వరుసలో మొదటి పేరు చదవండి. ఒక పరిచయస్తురాలు ఇలాంటి పొడినే “సహజం కదా” అని రోజుకు పది చెంచాలు వాడి, చక్కెర ఎందుకు తగ్గడం లేదని నన్ను అడిగారు. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్.

సున్నుండలో చక్కెర తీసేసినా మినుములూ నెయ్యీ అలాగే ఉంటాయన్నది కూడా మరవకండి. “చక్కెర లేనిది” అన్న పేరు చూసి పెద్దాయన ఒకటికి నాలుగు తింటే తేడా ఏమీ ఉండదు. మా ఇంట్లో అలాంటి వారికి సగం సైజు ఉండ, అసలు చక్కెరతోనే, భోజనం తర్వాత ఇచ్చేవాళ్ళం, వైద్యుడికి చెప్పి. ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

సహజం అన్న మాట గురించి కూడా అడిగారు. పండ్ల నుంచి గింజలు తీసి, గుజ్జు వేరు చేసి, పుల్లని నీటిలో, అంటే పీహెచ్ రెండున్నర నుంచి నాలుగు మధ్య, ప్రొటీన్‌ను దించుతారు. వడపోసి, గాఢపరచి, ఎండబెడతారు. నిమ్మరసం పులుపులో దింపడం ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఇది సహజమే. అయితే పండ్లు ఎక్కువగా అడవిలో ఏరినవే, ఏరేవాళ్ళ చేతికి వచ్చేది తక్కువ, సరఫరా ఏటికేడాది మారుతుంది. మన ఏజెన్సీలో అడ్డాకులు ఏరి కట్టలు కట్టే గిరిజనుల కష్టం చూసిన వాళ్ళకు ఆ పరిస్థితి తెలుస్తుంది. ధర ఎక్కువ కావడానికి అది ఒక కారణం. అందుకే 1982లోనే యూనిలీవర్ శాస్త్రవేత్తలు దీని జన్యువును బాక్టీరియాలో పెట్టి చూశారు. ఇప్పుడు పొగాకు జాతి మొక్కల ఆకుల్లోనూ, ఈస్ట్‌లోనూ తీపి ప్రొటీన్లను తయారు చేస్తున్నారు. పైన చెప్పిన బ్రాజీన్ విషయంలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024లో ఊబ్లీ అనే కంపెనీకి దాని భద్రత మీద తమకు ప్రశ్నలేమీ లేవని లేఖ ఇచ్చింది. ఆ బ్రాజీన్ ఈస్ట్‌తో పులియబెట్టి చేసినది. 54 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది, వేడికి థౌమాటిన్ కన్నా బాగా నిలుస్తుంది, రుచి కూడా చక్కెరకు దగ్గర. మరో పదేళ్ళలో మీ కోవాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అది అటు నుంచే వస్తుందని నా నమ్మకం. అయితే దానికీ పాకం రాదు. మోనెల్లిన్ అనే ఇంకో ప్రొటీన్ పేరు కూడా మీకు కనబడవచ్చు. యాభై డిగ్రీలు దాటితే దాని తీపి పోతుంది, పొయ్యి దగ్గరికి తీసుకువెళ్ళే పని లేదు.

ఇంతా చెప్పి వద్దంటున్నానా అంటే, కాదు. మీరు దీనితో చేయగలిగినది ఒకటి ఉంది. వేసవిలో నిమ్మ, మామిడి, నన్నారి షర్బత్తులు కూడా అమ్ముతానని రాశారు కదా. నిమ్మరసం పుల్లనిది, మామిడి పానకమూ పుల్లనిదే. ఈ ప్రొటీన్ అక్కడ పుట్టింట్లో ఉన్నట్టుంటుంది, వేడి చేసినా తీపి చెడదు. చక్కెర పూర్తిగా తీసేయకండి. మూడో వంతు తగ్గించి, ఆ లోటును థౌమాటిన్‌తో పూడ్చండి. మొదటి తీపి మిగిలిన చక్కెర నుంచి వస్తుంది, వెనకటి తీపి దీని నుంచి వస్తుంది. రెండూ కలిస్తే తాగేవారికి తేడా తెలియదు. నన్నారిలో కొంచెం నిమ్మరసం పిండాకే కలపండి.

కొలతకు ఇలా చేయండి. ఏ కలుపూ లేని శుద్ధమైన థౌమాటిన్ ఒక గ్రాము తీసుకోండి. నగల దుకాణం తూకం లాంటి చిన్న తూకం మీద తూచండి, వంటింటి తూకం పనికిరాదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో రెండు నిమ్మకాయల రసం వడకట్టి పోసి, అందులో ఆ పొడి చల్లి, కదపకుండా అరగంట వదిలేసి, తర్వాత మెల్లగా కలపండి. గిలకొడితే నురగ వచ్చి సగం నురగలోనే ఉండిపోతుంది. ఇప్పుడు ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. పిల్లల మందుల సిరంజితో కొలవవచ్చు. ఇరవై గ్రాముల చక్కెర వేసే గ్లాసుకు పదమూడు, పద్నాలుగు గ్రాములు వేసి, ఈ ద్రావణం ఒక మిల్లీలీటరు పోసి రుచి చూడండి, పది క్షణాలు ఆగండి, అవసరమైతే ఇంకొక మిల్లీలీటరు. మూడు దాటితే అతిమధురం మొదలవుతుంది. ద్రావణం ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి, ప్రొటీన్ నీళ్ళు నిలవ ఉండవు.

చిక్కదనం కోసం జిగురు పొడులు కలిపే అలవాటు ఉంటే జాగ్రత్త. పెక్టిన్, శాంథన్, ఆల్జినేట్ వంటివి ఋణ విద్యుదావేశం గలవి, థౌమాటిన్ ధన విద్యుదావేశం గలది. రెండూ కలిస్తే అతుక్కుంటాయి, తీపి నాలుకకు చేరదు. ఒకసారి పండ్ల జెల్లీ చేసేటప్పుడు వారం రోజులు నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియక పొడి పెంచుతూ పోయాను. తప్పు లెక్కలో లేదు, జెల్లీలో వేసిన జిగురులో ఉంది. కొన్ని కృత్రిమ రంగులతోనూ ఇదే ఇబ్బంది, సీసా అడుగున మడ్డిగా దిగుతుంది.

ఇంట్లో వాడుకోవడం వేరు, అమ్మడం వేరు. షర్బత్తు సీసాల మీద అమ్మకానికి పెట్టే ముందు, మీరు చేసే రకం పానీయంలో 957 అనుమతి ఉందో లేదో, ఎంత మోతాదు వరకో, మీ లైసెన్సు ఇచ్చిన ఆహార భద్రతా అధికారిని రాతపూర్వకంగా అడగండి. చీటీ మీద ఆ సంఖ్య వేయండి. పొడి అమ్మే వారిని మూడు అడగండి: ఇందులో థౌమాటిన్ ఎంత శాతం, మిగతాది ఏమిటి, ఈ బ్యాచ్‌కు పరీక్ష పత్రం ఉందా. శాతం చెప్పడానికి తటపటాయించే చోట కొనకండి. పత్రం తెచ్చుకున్నాక అందులోని అంకెలు ఇక్కడ రాస్తే, మీ గ్లాసుకు ఎన్ని మిల్లీలీటర్లో లెక్క కట్టి చెబుతాను.